టవరు ఎవరిది, నంబరు ఎవరిది

2017 సెప్టెంబరులో వెరైజన్ సంస్థ అమెరికా పల్లెల్లోని తన ఖాతాదారులు 8,500 మందికి ఉత్తరాలు పంపింది. ఆ ఖాతాల కింద 19,000 ఫోన్ కనెక్షన్లున్నాయి. మెయిన్, మోంటానా, ఐడహో సహా 13 రాష్ట్రాల్లో ఉండేవాళ్లవి అవి. మా సొంత టవర్లు లేనిచోట ఉంటూ మీరు డేటా చాలా వాడుతున్నారు, మీ కోసం మేం ఇతర కంపెనీలకు కట్టే రోమింగ్ సొమ్ము మీరు మాకు కట్టే బిల్లును దాటిపోతోంది, కాబట్టి అక్టోబరు 17 తర్వాత మీకు సర్వీసు ఉండదు, ఈలోపు వేరే కంపెనీకి మారండి. ఉత్తరం సారాంశం ఇది. అందుకున్నవాళ్లలో అన్‌లిమిటెడ్ ప్లాన్ కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు, అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బందీ ఉన్నారు. గొడవ పెద్దదయ్యాక కంపెనీ గడువును డిసెంబరు 1కి జరిపింది. అత్యవసర సేవల సిబ్బందిని ఉండనిచ్చింది. మారడానికి వేరే కంపెనీ లేనివాళ్లకు పరిమితి ఉన్న చిన్న ప్లాన్లు ఇస్తానంది.

నా దృష్టిలో ఆ ఉత్తరం మొబైల్ వ్యాపారానికి ఎక్స్‌రే లాంటిది. రోమింగ్ డేటాకు హద్దు పెట్టడం, కంపెనీ మారే హక్కు ఇవ్వడం అనే రెండు సంగతుల్ని మనం విడివిడిగా మాట్లాడుకుంటాం. అక్కడ రెండూ ఒకే కాగితం మీదకొచ్చాయి. హద్దు గీసినవాడే గడప చూపించి పొమ్మన్నాడు. మన దేశంలో మారే హక్కు కోసం వాడుకదారు ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. అక్కడ ఆ హక్కునే వాడుకదారును సాగనంపడానికి వాడారు. ఈ రెండు దేశాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది అందుకే. మూడో వరుసలో యూరప్‌ను కూడా నిలబెట్టకపోతే లెక్క తేలదు.

ముందు మన సంగతి. పాతికేళ్లలోపు పిల్లలకు రోమింగ్ అంటే విదేశాలకు వెళ్లేటప్పుడు వేయించుకునే ప్యాక్. మా తరానికి రోమింగ్ అంటే చిత్తూరు దాటి వేలూరు వెళ్లడం. 2009లో నాన్నను అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్లి పద్దెనిమిది రోజులున్నాం. బస్సు తమిళనాడులోకి అడుగుపెట్టగానే ఫోన్‌లో స్వాగతం పలుకుతూ మెసేజ్ వచ్చేది. ఆ క్షణం నుంచి వచ్చిన ప్రతి ఫోనుకూ డబ్బు కట్టాల్సింది మేమే. అప్పట్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన గరిష్ఠ పరిమితి ప్రకారం రోమింగులో ఇన్‌కమింగ్ కాల్‌కు నిమిషానికి 1.75 రూపాయలు. ఆపరేషన్ అయిన రోజు ఊళ్లో ఉన్న బంధువులంతా ఒకరి తర్వాత ఒకరు చేశారు. చిన్నాన్న మాత్రం నేను ఎత్తగానే "రోమింగులో ఉండావు కదరా, పెట్టేస్తా, నువ్వే బూతు నుంచి చెయ్యి" అన్నాడు. సాయంత్రానికి బ్యాలెన్స్ అయిపోయింది. అప్పట్లో బ్యాలెన్స్ లేకపోతే రోమింగులో ఇన్‌కమింగ్ కూడా వచ్చేది కాదు. రక్తం ఇవ్వడానికి బయల్దేరిన మా బావ కాట్పాడి స్టేషన్లో దిగి గంటన్నరసేపు నా నంబరుకు ప్రయత్నిస్తూ నిలబడ్డాడు. మా ఊళ్లో కొన్న రీఛార్జ్ కార్డు అక్కడ గీకితే పనిచేస్తుందో లేదో కూడా దుకాణదారుకు తెలియలేదు.

అప్పుడు నాకు తట్టని ప్రశ్న ఇప్పుడు తడుతోంది. నా సిమ్ ఏ కంపెనీదో వేలూరులో సిగ్నల్ ఇచ్చిందీ అదే కంపెనీ. బోర్డు అదే, రంగు అదే. మరి ఆ 1.75 ఎవరికి, దేనికి? సమాధానం లైసెన్సులో ఉంది. దేశాన్ని టెలికాం సర్కిళ్లుగా కోశారు. ఇప్పుడవి 22. ఒకే కంపెనీ అన్ని సర్కిళ్లలో ఉన్నా, ఒక్కో సర్కిల్‌కు ఒక్కో లైసెన్సు, ఒక్కో పద్దు. గుమ్మిడిపూండి దగ్గరా, ఇచ్ఛాపురం దగ్గరా, రాయచూరు దారిలోనూ గీసిన ఆ గీతలకు టవర్ల కొరతతో సంబంధం లేదు. అవి కాగితం మీది గీతలు. దీనికి మంచి రుజువు మనింట్లోనే ఉంది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయింది, టెలికాం సర్కిల్ మాత్రం ఒకటిగానే ఉండిపోయింది. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెట్టినవాడికి రోమింగ్ పడలేదు. రాష్ట్ర సరిహద్దు కొత్తగా పుట్టినా లైసెన్సు సరిహద్దు పుట్టలేదు కనుక, ఛార్జీ కూడా పుట్టలేదు.

అమెరికాలోనూ మొదట్లో ఇంతే, ఇంకా ఎక్కువ. 1980లలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దేశాన్ని 734 ముక్కలు చేసి, ముక్కకు రెండేసి సెల్యులార్ లైసెన్సులిచ్చింది. ఒక ఊరి కంపెనీకి పక్క ఊళ్లో ఏమీ ఉండేది కాదు. ఊరు దాటితే పరాయి నెట్‌వర్క్, పరాయి రేటు. 1998లో ఏటీ అండ్ టీ నెలకు 89.99 డాలర్లకు 600 నిమిషాలు ఇస్తూ, దేశంలో ఎక్కడి నుంచి ఎక్కడికి మాట్లాడినా ఒకే రేటు అనే ప్లాన్ తెచ్చాక ఆ లోకం తలకిందులైంది. మిగతా కంపెనీలు వెనకాలే రాక తప్పలేదు. మనకు ఆ రోజు 2016 సెప్టెంబరు 5న వచ్చింది. రోమింగ్ ఛార్జీ లేదని చెబుతూ జియో దిగింది. మిగిలిన కంపెనీలు నెలల్లోనే దారికొచ్చాయి. ఎయిర్‌టెల్ 2017 ఏప్రిల్ 1 నుంచి దేశంలో రోమింగ్ ఛార్జీలు ఎత్తేసింది.

పద్దెనిమిదేళ్ల తేడాతో జరిగిన ఈ రెండు ఘటనల్నీ మన వ్యాపార పత్రికలు ఒకే కథగా చెబుతాయి: పోటీ వచ్చింది, గోడ కూలింది. నాకు ఇది పూర్తిగా నచ్చదు. మన దగ్గర గోడను ముందుగా పలచన చేసింది నియంత్రణ. ఇన్‌కమింగ్ గరిష్ఠ పరిమితిని ట్రాయ్ 2007లో 1.75 రూపాయలకు, 2013లో 75 పైసలకు, 2015లో 45 పైసలకు దించింది. 2012 జాతీయ టెలికాం విధానం దేశమంతా ఉచిత రోమింగ్ అనే లక్ష్యాన్ని రాతపూర్వకంగా పెట్టుకుంది. ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ 2015 జూన్ 15 నుంచే, అంటే జియో రాకముందే, రోమింగులో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసింది. చివరి దెబ్బ కొట్టినవాడి పేరు గుర్తుంటుంది. కానీ వేలూరు ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు రూపాయి రూపాయిగా ఊరట వచ్చింది ఆ ముందరి మెట్ల వల్ల. అమెరికాలో అలాంటి మెట్లు లేవు. కంపెనీ ఇష్టపడి ఎత్తేసింది. ఇష్టపడి ఎత్తేసినదాన్ని ఇష్టమొచ్చినప్పుడు ఇంకో రూపంలో తేవచ్చు. నిజంగానే తెచ్చారు కూడా.

ఆ సంగతి నాకు 2019లో అనుభవంలోకి వచ్చింది. మిన్నియాపొలిస్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు దక్షిణ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ చూపిస్తానని కారులో బయల్దేరదీసింది. రెండో రోజు మధ్యాహ్నం కనుచూపు మేర ఇల్లు లేనిచోట దాని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఈ నెలకు కేటాయించిన దేశీయ రోమింగ్ డేటా అయిపోయిందట. మ్యాప్ అక్కడే ఆగిపోయింది. "అన్‌లిమిటెడ్ కదమ్మా నీది?" అన్నాను. "అన్‌లిమిటెడేగానీ ఇది రోమింగ్ నాన్నా" అంది, మామూలు విషయంలా. పైన సిగ్నల్ గీతలు నాలుగూ ఉన్నాయి. టవరు ఉంది, ఫోను ఉంది, నెలనెలా కట్టే బిల్లు ఉంది. మధ్యలో రెండు కంపెనీల లెక్క తెగలేదు, అంతే. పెట్రోలు బంకులో అడిగి దారి తెలుసుకున్నాం.

తర్వాత చదివితే తెలిసింది, ఈ హద్దులు కొత్తవి కావు. ఏటీ అండ్ టీ పాత ఒప్పందాల్లో ఒక షరతు ఉండేది. పరాయి నెట్‌వర్క్ మీద నెలకు 24 ఎంబీ, లేదా మీ ప్లాన్ డేటాలో 20 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటితే కంపెనీ సర్వీసు రద్దు చేయవచ్చు. 24 ఎంబీ అంటే ఇప్పటి లెక్కలో రెండు మూడు వాట్సాప్ వీడియోలు. స్ప్రింట్ నిబంధనల్లోనూ ఇలాంటిదే 300 ఎంబీ గీత ఉండేది. ప్రకటనలో అన్‌లిమిటెడ్ అనే మాటను హోర్డింగంత అక్షరాలతో వేసి, ఈ షరతును ఒప్పందం అడుగున సన్నటి అక్షరాలతో పెట్టారు. హద్దు పెట్టినందుకు నాకు కోపం లేదు. కొనేటప్పుడు చెప్పకుండా, వాడాక చెప్పినందుకు.

ఇక్కడ కంపెనీల వైపు న్యాయం కూడా చెప్పాలి. పల్లె అమెరికాలో మైళ్ల దూరానికి నాలుగు ఇళ్లుంటాయి. అక్కడ టవరు పెట్టేది చిన్న స్థానిక కంపెనీలు. దారిన పోయే పెద్ద కంపెనీల ఖాతాదారుల రోమింగ్ సొమ్ము వాళ్లకు పెద్ద ఆధారం. అది లేకపోతే టవరే లేదు. వెరైజన్ ఉత్తరాలు అందుకున్నవాళ్లలో చాలామంది ఫోన్లు నడిచింది ఇలాంటి చిన్న కంపెనీల టవర్ల మీదే. ఆ కంపెనీల్లో కొన్నిటికి తన స్పెక్ట్రం ఇచ్చి టవర్లు పెట్టించుకున్నది కూడా వెరైజనే. నెట్‌వర్క్ ఇక్కడ కూడా ఉందని చెప్పుకోవడానికి ఆ టవర్లు పనికొచ్చాయి. అక్కడే కాపురముండే మనిషి వాటిని రోజూ వాడితే భారమయ్యాయి.

ఎఫ్‌సీసీ 2011లో ఒక నియమం చేసింది. ఒక కంపెనీ డేటా రోమింగ్ అడిగితే ఇంకో కంపెనీ వ్యాపారరీత్యా సమంజసమైన షరతులతో ఇవ్వాలి. వెరైజన్ దాని మీద కోర్టుకెక్కింది, 2012 డిసెంబరులో ఓడింది. మంచి నియమమే. కానీ అది కంపెనీకీ కంపెనీకీ మధ్య నడిచే బేరానికి పెట్టిన మర్యాద. ఆ బేరం ఖరీదైతే ఖాతాదారుకు ఎన్ని ఎంబీలు దక్కాలి, ఏ హద్దు దగ్గర ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనే మాట అందులో లేదు. మెయిన్ రాష్ట్రపు రైతు పేరు ఆ నియమంలో ఎక్కడా కనబడదు.

యూరప్ సరిగ్గా ఆ మనిషి పేరు రాసింది. అక్కడ 2007లోనే కాల్స్‌కు రోమింగ్ గరిష్ఠ ధర పెట్టారు. 2017 జూన్ 15 నుంచి యూనియన్‌లోని ఏ దేశం వెళ్లినా ఇంట్లో ఉన్న రేటే. జర్మనీలో చదివే మన పిల్లలు వారాంతంలో పారిస్ వెళ్లినా, ప్రాగ్ వెళ్లినా సిమ్ గురించి ఆలోచించరు. యూరప్‌లో హద్దు లేదా అంటే ఉంది. కానీ దానికి సూత్రం ఉంది, అది చట్టంలో అందరికీ కనబడేలా ఉంది. అన్‌లిమిటెడ్ ప్లాన్ అయితే, పన్ను తీసేసిన నెల బిల్లును ఒక కంపెనీ ఇంకో కంపెనీకి జీబీకి కట్టాల్సిన గరిష్ఠ టోకు ధరతో భాగించి రెండుతో గుణించాలి. కనీసం అంత డేటా రోమింగులో ఇచ్చి తీరాలి. 2017లో టోకు ధర జీబీకి 7.70 యూరోలు. 20 యూరోల ప్లాన్‌కు ఐదు జీబీ పైచిలుకు వచ్చేది. ఆ టోకు ధరను ఏటా దించుకుంటూ వచ్చారు, 2026కు అది 1.10 యూరోలు. అదే 20 యూరోలకు ఇప్పుడు 36 జీబీ దాటి వస్తుంది. ఖాతాదారు ఎవరినీ బతిమాలక్కర్లేదు, టోకు ధర పడితే అతని వాటా దానంతటదే పెరుగుతుంది.

ఇంట్లో ఉండకుండా ఏడాది పొడవునా పరాయి దేశంలోనే ఉండి చౌక సిమ్ వాడేవాళ్ల సంగతి కూడా ఆ చట్టం ఆలోచించింది. కనీసం నాలుగు నెలల వాడకం చూడాలి. ఇంట్లోకంటే బయటే ఎక్కువ ఉన్నాడని తేలితే హెచ్చరించి 14 రోజులు గడువివ్వాలి. ఆ తర్వాతైనా చిన్న అదనపు రుసుము వేయాలే తప్ప కనెక్షన్ పీకడం కాదు. వెరైజన్ ఉత్తరాన్నీ ఈ నిబంధననూ పక్కపక్కన పెట్టి చదివాను. రెండింటిలోనూ సమస్య ఒకటే: ఇల్లు వదిలి పరాయి టవరు మీద బతికే ఖాతాదారు. ఒకచోట అతను నష్టం పద్దు. ఇంకోచోట అతను ఒక హక్కుదారు, ఆ హక్కుకు ఒక అంచు ఉంది, ఆ అంచు ఎక్కడుందో అతనికి ముందే తెలుసు.

యూరప్‌ను అందలమెక్కించాలని నాకు లేదు. ఆ హక్కు యూనియన్ చట్టం ఉన్నంత మేరకే. బ్రిటన్ బయటికొచ్చాక ఆ రక్షణ పోయింది. 2022 కల్లా అక్కడి పెద్ద కంపెనీలు చాలావరకు యూరప్ రోమింగ్ ఛార్జీలు మళ్లీ తెచ్చాయి. రాసిపెట్టిన నియమం పోగానే పాత ఛార్జీ తిరిగొచ్చింది. పోటీ గోడను కూల్చుతుంది, కూలిన గోడ మళ్లీ లేవకుండా చూసేది మాత్రం రాసి ఉన్న నియమమే అని నేననడానికి ఇదొక కారణం.

మరి మనకు యూరప్‌లాంటి సూత్రం ఎందుకు అవసరపడలేదు? ఇందాక చెప్పిన కాగితం గీత వల్లే. జియోకైనా ఎయిర్‌టెల్‌కైనా 22 సర్కిళ్లలోనూ సొంత నెట్‌వర్క్ ఉంది. వేలూరులో నా ఫోన్ పట్టుకునేది నా కంపెనీ సొంత చెల్లెల్నే. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారే డబ్బును మాఫీ చేయడం తేలిక. అమెరికాలో రోమింగ్ ఛార్జీ పోయినా నేల మీద ఖాళీ అలాగే ఉంది. అందుకే అక్కడ ఛార్జీ పోయి పరిమితి వచ్చింది. మన దగ్గర గీత చెరిపితే సరిపోయింది. కానీ మనకూ నేల మీద ఖాళీలు లేవా? ఉన్నాయి. అక్కడ రోమింగ్ పరిమితి కూడా లేదు, ఎందుకంటే రోమింగే లేదు. పాడేరు దాటి లోపలికి వెళ్లినవాళ్లకు తెలుసు. ఒక కంపెనీ టవరు మాత్రమే ఉన్న గూడెంలో ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ టార్చిలైటుతో సమానం. మెయిన్ రైతును కోసేశారు. మన్యం రైతును అసలు కలపలేదు. మన దేశంలో రోమింగ్ పీడ విరగడైందని చెప్పుకునేటప్పుడు ఈ రెండో మనిషిని లెక్కలోంచి తీసేస్తున్నాం.

పైగా మన ప్రభుత్వమే ఒకప్పుడు ఆ తలుపు మూసింది. 3జీ స్పెక్ట్రం దొరకని సర్కిళ్లలో ఒకరి నెట్‌వర్క్ ఒకరు వాడుకుందామని ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా ఒప్పందాలు చేసుకుంటే, 2011 చివర్లో టెలికాం శాఖ ఆపేయమంది. లైసెన్సు లేనిచోట సేవ అమ్ముతున్నారన్నది శాఖ వాదన, ఖజానాకు నష్టమన్నది దాని భయం. 2014లో టెలికాం ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ రెండేళ్ల పైచిలుకు వాదనల్లో స్పెక్ట్రం విలువ గురించి ఎన్ని పేజీలు నడిచాయో, సిగ్నల్ లేని ఊరి గురించి అన్ని వాక్యాలు నడవలేదని నా ఫిర్యాదు.

ఇక కంపెనీ మారడం. ఇక్కడ రెండు దేశాలూ అద్దంలో బొమ్మల్లా కుడి ఎడమలు మార్చుకుని కనబడతాయి. అమెరికాలో నంబరుకు స్వేచ్ఛ ఉంది, ఫోనుకు లేదు. మన దగ్గర ఫోనుకు స్వేచ్ఛ ఉంది, నంబరుకు తాళ్లున్నాయి.

అమెరికా పెద్ద నగరాల్లో 2003 నవంబరు 24 నుంచి నంబరు మార్చకుండా మొబైల్ కంపెనీ మారొచ్చు. మామూలు మార్పిడి రెండున్నర గంటల్లో అయిపోవాలని అక్కడి లెక్క. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. పాత కంపెనీకి బాకీ ఉన్నా సరే, నంబరు వదలనని ఆ కంపెనీ అనకూడదు. బాకీ వేరు, నంబరు వేరు. బాకీ వసూలుకు వేరే దారులున్నాయి, మనిషి చిరునామాను తాకట్టు పెట్టుకోకూడదు. ఈ ఆలోచనలోని గౌరవాన్ని మనం ఇంకా అందుకోలేదు. మన దగ్గర పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంటే పోర్ట్ అభ్యర్థన తిరగ్గొట్టవచ్చు.

అంత గౌరవం చూపిన దేశంలోనే ఫోన్‌ను కంపెనీ తాళం వేసి ఇచ్చేవాళ్లు. రెండేళ్ల ఒప్పందం, మధ్యలో వదిలితే జరిమానా. 2009లో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లకు ఆ జరిమానాను 350 డాలర్లు చేసింది. తాళం తీయించుకోవడం కాపీరైట్ చట్టం కింద నేరమయ్యే స్థితి 2013 జనవరిలో వచ్చింది. జనం గోల పెట్టాక 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో ప్రత్యేక చట్టం చేసి దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. డబ్బిచ్చి కొన్న ఫోన్‌ను వేరే సిమ్‌తో వాడుకోవడానికి దేశాధ్యక్షుడి సంతకం! మన దగ్గర ఈ బాధ దాదాపు లేదు, పాత సీడీఎంఏ ఫోన్లూ జియోఫోనూ తప్పిస్తే. ఫోన్ ఒక దుకాణంలో, సిమ్ ఇంకో దుకాణంలో కొనే అలవాటు మనల్ని కాపాడింది.

అమెరికాలో ఉండే తెలుగు పిల్లలకు మాత్రం చట్టంలో కనబడని ఇంకో తాళం ఉంది. ఫ్యామిలీ ప్లాన్. విమానం దిగిన వారానికే సీనియర్ ఎవరో ఒకరు "మా ప్లాన్‌లో ఒక లైన్ ఖాళీ ఉంది, జాయిన్ అవ్వు" అంటారు. ఐదుగురు కలిస్తే తలకు తక్కువ పడుతుంది. బంధువులు కాకపోయినా బిల్లు దగ్గర కుటుంబమే. ఒకడు ఖాతాదారు, మిగతావాళ్లు అతనికి నెలనెలా పంపుతారు. రెండేళ్లకు ఉద్యోగమొచ్చి ఊరు మారి, అక్కడ ఆ కంపెనీ సిగ్నల్ లేక మారదామంటే, నంబరు తీసుకెళ్లడానికి కావాల్సిన ఖాతా నంబరూ ట్రాన్స్‌ఫర్ పిన్నూ ఆ ఒక్కడి దగ్గరే ఉంటాయి. ఈలోగా అద్దె దగ్గరో, వంట దగ్గరో మాట తేడా వచ్చి ఉంటుంది. రెండున్నర గంటల పని రెండు నెలలు పట్టిన సంగతులు మా అమ్మాయి స్నేహితుల్లోనే విన్నాను.

మన వైపు నంబరు మార్పిడి 2010 నవంబరులో హరియాణాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. మొదట సర్కిల్ లోపలే. హైదరాబాద్ నంబరు బెంగళూరు ఉద్యోగానికి తీసుకెళ్లే వీలు 2015 జూలై 3న దొరికింది. ఎన్ని లక్షల మంది తెలుగువాళ్లు బెంగళూరులో, చెన్నైలో రెండు సిమ్‌ల ఫోన్లు మోశారో ఆ నాలుగేళ్లూ! మనం మెచ్చుకోవాల్సింది కూడా ఒకటుంది. పోర్ట్ అని రాసి నంబరు జతచేసి 1900కు మెసేజ్ పెడితే కోడ్ వచ్చే పద్ధతి మనకు మొదటి నుంచీ ఉంది. బ్రిటన్‌లో అలా మెసేజ్‌తో కోడ్ తెప్పించుకునే వీలు 2019 జూలై 1న గానీ రాలేదు. అంతకుముందు అక్కడ పాత కంపెనీకి ఫోన్ చేసి, వదలొద్దని వాళ్లు చేసే బతిమాలాటంతా వినాల్సి వచ్చేది.

మన దగ్గర ఆ బతిమాలాట వేరే రూపంలో ఉంది. మెసేజ్ పెట్టిన సాయంత్రానికే ఫోన్. నేను ఒకసారి మారబోతే నా పాత కంపెనీ వాళ్లు మూడు రోజుల్లో ఏడుసార్లు చేశారు. అప్పటిదాకా దుకాణంలో, యాప్‌లో ఎక్కడా లేని ధరకు ప్లాన్ ఇస్తామన్నారు. నాకు సంతోషం కలగలేదు, బాధ కలిగింది. పదేళ్లుగా నోరు మూసుకుని కట్టినవాడికి లేని ధర, పోతానన్నవాడికి పుట్టింది. మా పక్కింటి పెద్దాయన ఎప్పటికీ పోర్ట్ పెట్టడు, ఆయనకు ఆ ధర ఎప్పటికీ తెలియదు. ఇంకో అన్యాయం, చిన్న ప్లాన్లలో ఎస్ఎంఎస్ లేకుండా చేసి, 1900కు మెసేజ్ వెళ్లకుండా అయిన రోజులు. వెళ్లిపోతానని చెప్పడానికి కూడా పెద్ద ప్లాన్ వేయించుకోవాలా? 2021 డిసెంబరులో ట్రాయ్ కల్పించుకుని, ఏ ప్లాన్ ఉన్నా ఆ మెసేజ్ వెళ్లనివ్వాలని ఆదేశించింది. అప్పటికే 2019 డిసెంబరు నుంచి మార్పిడికి సర్కిల్ లోపల మూడు పని దినాలు, బయటికైతే ఐదు అని గడువు కుదించారు. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్ట్ కుదరదని 2024 జూలై నుంచి పెట్టిన నిబంధనను మాత్రం నేను తప్పుపట్టను. దొంగ సిమ్‌తో ఓటీపీలు లాగి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే మోసాలకు అది అడ్డు.

హక్కు కాగితం మీద బాగానే ఉంది. మారి ఎక్కడికి పోవాలి? 2011లో నంబరు మార్పిడి వచ్చిన రోజుల్లో మన సర్కిల్‌లో కంపెనీలు వేళ్ల మీద లెక్కపెడితే రెండు చేతులూ కావాలి. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిసింది, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. ఇప్పుడు ప్రైవేటువి మూడు, ప్రభుత్వానిది ఒకటి. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకటి రెండు రోజుల తేడాతో రేట్లు పెంచాయి. జనం చేయగలిగిందల్లా బీఎస్ఎన్ఎల్ వైపు చూడటమే. ఆ ఒక్క నెలలోనే దానికి లక్షల్లో కొత్త ఖాతాదారులు వచ్చారు. 4జీ టవర్లు ఇంకా సిద్ధం కాని సంస్థ మీద అంత ఆశ ఒక్కసారిగా పడింది. నవంబరు వచ్చేసరికి అది మళ్లీ ఖాతాదారుల్ని పోగొట్టుకోవడం మొదలైంది. దాని సొంత 4జీ దేశమంతటా లాంఛనంగా ప్రారంభమైంది 2025 సెప్టెంబరు 27న. ఆ కోపం ఆ ఏడాది ఎదురుచూడలేకపోయింది.

అమెరికాలోనూ ఇదే వరస. స్ప్రింట్ 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. మెయిన్‌లో ఉత్తరం అందుకున్నవాళ్లు వెళ్లగలిగిన కొద్ది చోట్లలో ఒకటైన యూఎస్ సెల్యులార్ వైర్‌లెస్ వ్యాపారాన్ని 2025 ఆగస్టులో టీ-మొబైలే కొనేసింది. వెళ్లమని చెప్పే ఉత్తరం మళ్లీ వస్తే, ఇప్పుడు వెళ్లడానికి ఒక గడప తక్కువ.

ఇంత రాశాక కూడా నాకు ఆశ కలిగిస్తున్న చిన్న మార్పు ఒకటి మన దేశంలోనే జరిగింది. 2025 జనవరి 17న టెలికాం శాఖ, ప్రభుత్వ నిధితో మారుమూల ఊళ్లలో కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఖాతాదారులు ముగ్గురూ వాడుకునేలా చేసింది. టవరు ఒకరిది, సిమ్ ఎవరిదైనా సరే. 27,000 పైచిలుకు టవర్ల మాట ఇది. 2011లో ఏది చట్టవిరుద్ధమని ప్రభుత్వం కోర్టుల్లో వాదించిందో, దాని తోబుట్టువు లాంటిదే ఇప్పుడు ప్రభుత్వ పథకమైంది. అయితే ప్రజల సొమ్ముతో కట్టిన టవర్లకే ఈ వీలు. కంపెనీ సొంత డబ్బుతో కట్టిన టవరు నీడలో ఉన్న గూడెం సంగతి తేలలేదు. ఆ టవర్లకు కూడా ఈ పద్ధతి తేవాలంటే ఒకరికొకరు కట్టుకునే టోకు ధర ఎంతో ఎవరో ఒకరు తేల్చాలి, అప్పుడు మనకూ యూరప్‌లాంటి సూత్రం కావాల్సి వస్తుంది. ఆ లెక్క ఇప్పటినుంచే వేసుకోవడం మంచిది, లేకపోతే మన ఒప్పందాల అడుగున కూడా ఆ 24 ఎంబీ అక్షరాలు మొలుస్తాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. టవర్లు చాలా మూగబోయాయి, వాటిలో కొన్నిటికి కరెంటు లేదు. అప్పుడు టెలికాం శాఖ వరద ప్రాంతాల్లో ఏ కంపెనీ సిమ్ ఉన్నవాళ్లయినా ఏ కంపెనీ టవరైనా పట్టుకునే ఏర్పాటు చేయించింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ తీసేసి, కనబడిన నెట్‌వర్కుల్లో ఒకటి ఎంచుకోవాలి. డాబా మీద నిలబడిన జనం ఒకరి ఫోన్లో ఒకరు అది మార్చి చూపించుకున్నారు. పాలప్యాకెట్ల పడవ ఏ సందులోకి వచ్చిందో, ఇన్సులిన్ ఎవరికి కావాలో పరాయి టవర్ల మీదుగానే చెప్పుకున్నారు. దానికి కొత్త టవరు కట్టలేదు, కొత్త యంత్రం తేలేదు. నీళ్లు తీశాయి, టవర్లకు కరెంటు వచ్చింది, ఏర్పాటు గడువు ముగిసింది. ఫోన్లన్నీ మళ్లీ ఎవరి టవరుకు వాళ్లు వెళ్లిపోయాయి.